ఇంటికి అయిదు వాట్లు చాలు

ఇంట్లో గిటార్ వాయించుకోవడానికి పెద్ద యాంప్లిఫయర్ అక్కర్లేదు. నన్నడిగితే 5 వాట్ల వాల్వు యాంప్ చాలు; దాన్నే పూర్తిగా పెంచితే ఇరుగుపొరుగు తలుపు తడతారు!

ఎపిఫోన్ వాల్వ్ జూనియర్ అనే యాంప్‌నే చూడండి. ఒక 12ఏఎక్స్7 వాల్వు, ఒక ఈఎల్84 వాల్వు, ఒకే ఒక్క వాల్యూమ్ నాబు. సెకండ్ హ్యాండ్‌ది కొనేముందు, తీగ మీటకుండా వాల్యూమ్ పెంచి వినండి. తొలి రకాల్లో గుయ్‌మనే హమ్ ఎక్కువ. వాల్వు ఫిలమెంట్లకు ఏసీ ఇవ్వడం అందుకో కారణం; తర్వాత డీసీకి మార్చారు. అమెరికా నుంచి తెప్పించిన 120 వోల్టులదైతే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి.

మార్పులంటే ముందు స్పీకరే. దాంతో వచ్చే 8 అంగుళాలదాని బదులు, ఓమ్‌లు సరిచూసుకుని 12 అంగుళాలది తగిలిస్తే మంద్రం నిండుగా పలుకుతుంది. స్పీకరు లేకుండా మాత్రం ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

లోపల చెయ్యి పెట్టేవారికి గట్టిగా చెబుతున్నాను. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. రెసిస్టరుతో దాన్ని దించి, మీటరులో సున్నా చూశాకే సోల్డరింగ్ మొదలుపెట్టండి. అలవాటు లేకపోతే పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.