దూరవైద్యము – మన విద్యార్థులు



ఉద్దానపు మూత్రపిండవ్యాధి తొలిదశలో తఱచుగా బాధ తెలియనీయదు, రక్తమూత్రపరీక్షలచేతనే బయల్పడును. ఇంటినుండియే వైద్యునితో మాటాడు ఈ-సంజీవని సేవ 2020లో ఆరంభమయ్యెను. మూత్రపిండపరిశోధనకేంద్రముతో కూడిన 200 పడకల వైద్యశాల పలాసలో 2023లో తెఱవబడెను. అయినను మన కళాశాల విద్యార్థులు దూరవైద్యమును ఆశ్రయింపకుండుటకు నాకు తోచు హేతువులు నాలుగు: చేయి పట్టి చూడని వైద్యునియందు నమ్మిక చాలమి, వసతిగృహమున ఏకాంతము లేమి, ఫోనున మాట తెగిపోవుట, ఆరోగ్యవంతుడనను ధీమా. నాలుగవదియే మిక్కిలి ప్రమాదకరము.

రక్తము తీయుట టెక్కలి, పలాస ఆసుపత్రుల పని. ఫలితమును చదివి దారి చూపుట దూరవైద్యుని పని. ఒకటి రెండవదానికి బదులు గాదు. పోషకులారా! విద్యార్థివసతిగృహమున తలుపుగల చిన్నగది నొకదానిని ఇందులకై ప్రత్యేకింపుడు. విద్యార్థులారా! సెలవులలో తల్లిదండ్రులను పరీక్షలకు తోడ్కొనిపోయి, ఫలితములతో ఆ ఫోనుముందు కూర్చుండబెట్టుడు. మందుకన్న ముందుచూపు మేలు.