చిన్న ఇంజనుకు పెద్ద శత్రువు తేమ
(మన సంఘ యువజన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన జిల్లాలోని చోళవరమున, యుద్ధకాలపు విమానస్థలముపై, ఒకప్పుడు మోటారు పందెములు జరిగెడివి. 1990లో ఇరుంగాట్టుకోట్టై పందెపుబాట ఏర్పడిన పిదప ఆ సందడి అటు మరలినది. నేడు మన పిల్లల చేతులలో మూరెడు పొడవు గల నైట్రో కార్లు కనబడుచున్నవి. వీని పోషణమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

గత ఆశ్వయుజమున మా అబ్బాయి కారు నడిపి, అట్లే అటకపై పెట్టినాడు. వానలు వెలిసిన తరువాత దింపి చూడగా ఇంజను బిగిసిపోయి, బేరింగులు త్రుప్పు పట్టియున్నవి. అది నడపుటవలన చెడలేదు. నడపిన పిదప పట్టించుకొనకపోవుటవలన చెడినది.

ఈ ఇంధనమున మిథనాలు, నైట్రోమీథేను, నూనె అను మూడును ఉండును. మిథనాలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. పులికాటు సరస్సు చెంత, ఈశాన్య వర్షములలో తడియు మన ప్రాంతమున తేమకు కొదువ లేదు గదా! లోపల మిగిలిన ఇంధనమే ఉక్కును తినివేయును.

కావున ఆట ముగియగానే టాంకీ ఖాళీచేసి, ఇంజను దానంతట అది ఆగువఱకు మిగిలిన ఇంధనమును కాల్చివేయుడు. గ్లో ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమునను కార్బ్యురేటరునను ఇందులకై అమ్మెడి నూనెను రెండు మూడు చుక్కలు వేసి, చక్రమును పలుమార్లు త్రిప్పుడు. పిస్టనును క్రిందికి దింపి ఉంచుడు. పైభాగమున సిలిండరు ఇఱుకు గనుక, చల్లారినపుడు పట్టివేయును.

నడపునపుడు వెనుక సన్నని పొగ కనబడుచుండవలెను. ఇంజనుకు నూనె ఇంధనముతోడనే అందును. వేగమునకు ఆశపడి సూదిమరను మితిమీఱి బిగించినచో ఇంధనముతోపాటు నూనెయు తగ్గి, పిస్టను కాలిపోవును. గాలివడపోతను కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించుడు.

ఈ ఇంజనులలో ఆముదమును చిరకాలముగా వాడుచున్నారు. కాస్ట్రాల్ అను పేరు ఆముదపు ఇంగ్లీషు పేరునుండి పుట్టినదే. అయినను మన ఇంటి ఆముదమును పోయరాదు. శుద్ధిచేయనిది జిగురై అంటుకొనును.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. మిథనాలు విషము. 2024 జూనులో కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా ప్రాణములు గొన్నది సారాలో కలిసిన ఈ ద్రవమే. రంగు వేసిన ఇంధనము శరబత్తువలె కనబడును. మంచినీళ్ళ సీసాలో ఎన్నడును పోయరాదు. దాని మంట పగటివెలుగున కంటికి ఆనదు; ఇంజను వేడిగా నుండగా ఇంధనము నింపరాదు. మూత గట్టిగా బిగించి, తాళము వేసి ఉంచుడు.

ఈ కార్లతో వచ్చు సూచనలు ఇంగ్లీషున నున్నవి. పైన చెప్పిన క్రమమును తెలుగున వ్రాయించి సంఘభవనమున కట్టింపవలెనని నా కోరిక. మనుమలతో కూర్చుండి తాతలు చదివి వినిపింపగలరు. ఇంజనుతోపాటు అక్షరమును త్రుప్పు పట్టకుండును.

సెలవు.