మన భాషకు తెర మీద వేళ ఏది?

(సంగారెడ్డిలో కార్మిక కుటుంబాలు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పులు, వక్ఫ్ భూములు, ఉద్యోగాలు అంటూ మాట్లాడుకోవలసిన సమస్యలు ఇన్ని ఉండగా టెలివిజన్ ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. అది వినోదానికి సంబంధించిన చిన్న విషయమని అనిపించవచ్చు. కానీ మన ఇళ్ల స్థితిని ఒక్కసారి ఆలోచించండి. మన ఇంట్లో మాట ఉర్దూ, అందులోనూ మన దక్కనీ. మన పిల్లల చదువు తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగుతున్నది. నానమ్మ మాట్లాడే భాషను మనవడు అర్థం చేసుకుంటాడు గాని దాని లిపిని చదవలేడు. పత్రిక చదవలేని, పుస్తకం తెరవలేని ఆ పిల్లవాడికి మాతృభాష చేరవలసింది చెవి ద్వారానే. ఆ చెవికి భాషను చేర్చగలిగినవి రేడియో, టెలివిజన్. అందుచేత ఏ వేళకు ఏ కార్యక్రమం వస్తుందన్నది మనకు వినోదపు ప్రశ్న కాదు, హక్కు ప్రశ్న.

ఈ ప్రాంతపు గడియారం వేరు. కర్మాగారాల్లో పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఒక షిఫ్టు, 2 నుంచి రాత్రి 10 వరకు మరొకటి, 10 నుంచి తెల్లవారి 6 వరకు ఇంకొకటి. కాంట్రాక్టు కార్మికులలో పన్నెండు గంటలు పనిచేసేవారూ ఉన్నారు. కుటుంబమంతా ఒకచోట కూర్చునే సమయం మగ్రిబ్ నమాజుకు, రాత్రి భోజనానికి మధ్య దొరికే గంట, గంటన్నర మాత్రమే. మేము ఇల్లిల్లూ తిరిగి అడిగినప్పుడు ఒక సోదరి చెప్పిన మాట ఇది: "ఉర్దూ కార్యక్రమం వచ్చే వేళకు మా ఆయన కంపెనీలో ఉంటాడు, పిల్లలు బడిలో ఉంటారు, నేను కుట్టుమిషన్ మీద ఉంటాను. ఇక చూసేది మా ఇంటి గోడలే." ఆమె పేర్కొన్న ఛానెల్ ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ మాట చాలా ఇళ్లలో వినిపించింది.

మరికొన్ని మాటలూ వినిపించాయి. ముందుగా చెప్పిన వేళ చెప్పకుండానే మారిపోతుందని, ఏదైనా ప్రత్యక్ష ప్రసారం వస్తే మొదట రద్దయ్యేది ఉర్దూ కార్యక్రమమేనని కొందరన్నారు. చూసిన ముషాయిరానే మళ్లీ మళ్లీ చూడవలసి వస్తున్నదని పెద్దలన్నారు. తెర మీద వినిపించే ఉర్దూ లక్నో, ఢిల్లీల ఉర్దూగా ఉంటుంది గాని మా ఇంటి భాషలా ఉండదని యువకులన్నారు. చిన్నపిల్లలకు ఉర్దూలో ఒక కథ గాని, బొమ్మల కార్యక్రమం గాని కనిపించడం లేదని తల్లులన్నారు. ఈఎస్ఐ కార్డుతో ఏ వైద్యం పొందవచ్చు, పీఎఫ్ సొమ్ము ఎలా తీసుకోవాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ పత్రాలు కావాలి అనే విషయాలను మన భాషలో చెప్పేవారు లేరని కార్మికులన్నారు. రంజాన్ నెలలో మాత్రం మనం అందరికీ గుర్తొస్తాం. మిగిలిన పదకొండు నెలలు మన బతుకు తెర మీద కనిపించదు. కనిపిస్తే నేర వార్తలో కనిపిస్తుంది.

ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్టకూటికోసం వచ్చినవారు ఎందరో ఉన్నారు. తనవారు బతికి ఉన్నారో లేదో తెలియక ఆసుపత్రి గేటు దగ్గర నిలబడిన మనిషికి కావలసింది తనకు అర్థమయ్యే భాషలో సమాచారం. ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఎవరిని అడగాలి, నష్టపరిహారానికి ఏం చేయాలి అనే నాలుగు మాటలు. ఇంతటి పారిశ్రామిక ప్రాంతంలో ఆ నాలుగు మాటలు ఉర్దూలోనూ, హిందీలోనూ, ఒడియాలోనూ నిర్ణీత వేళకు వినిపించే ఏర్పాటు ఉండాలని కోరడం అత్యాశ కాదు.

ఈ గడ్డమీద బహుభాషా ప్రసారం కొత్తదేమీ కాదు. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియో ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీ శ్రోతలకు కూడా కార్యక్రమాలు వినిపించింది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రపు ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్' పేరు చెబితే నేటికీ మన పెద్దల ముఖాలు వెలుగుతాయి. 1977లో హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం ఏర్పడింది. 2001 ఆగస్టు 15న రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి ఈటీవీ ఉర్దూ మొదలైంది. వార్తలతోపాటు వినోదం, సాహిత్యం కూడా అందించిన ఆ ఛానెల్ యాజమాన్యం మారిన తరువాత, 2018లో న్యూస్18 ఉర్దూ అయి, వార్తలకే ప్రాధాన్యమిచ్చింది. 2006 ఆగస్టు 15న డీడీ ఉర్దూ ప్రారంభమై, మరుసటి సంవత్సరం ఇరవై నాలుగు గంటల ఛానెల్‌గా విస్తరించింది. తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్ కేంద్రపు ఛానెల్ యాదగిరి అయింది. ఛానెళ్ల సంఖ్య పెరిగిందన్నది నిజమే. కానీ ఢిల్లీ నుంచి దేశమంతటికీ వచ్చే ఉర్దూ, సంగారెడ్డి కార్మికుని ఇంటి ఉర్దూ అవసరాన్ని తీర్చలేదు. ఆ పని స్థానిక కేంద్రం చేయవలసిందే.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1990 నాటి ప్రసార భారతి చట్టం 1997లో అమలులోకి వచ్చింది. అందులోని 12వ సెక్షన్ ఆ సంస్థ విధులను వివరిస్తుంది. వివిధ ప్రాంతాల భాషలకు, సంస్కృతులకు తగినంత చోటు కల్పించడం, శ్రామిక వర్గాల హక్కులను కాపాడడం, మైనారిటీల, గిరిజనుల ప్రత్యేక అవసరాలకు అనుగుణమైన కార్యక్రమాలు అందించడం ఆ విధులలో ఉన్నాయి. మైనారిటీలు, శ్రామికులు ఇద్దరూ అందులో పేర్కొనబడ్డారు. పటాన్‌చెరు కార్మికుడు ఆ రెండు లెక్కల్లోకీ వస్తాడు. 1995 ఫిబ్రవరిలో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చిచెప్పింది. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తిస్తూ బిల్లును ఆమోదించింది. ప్రభుత్వ కార్యాలయాల్లో గుమస్తాలుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారం మాలో కొందరం ఉన్నాం. చట్టంలో ఉన్న మాట దానంతట అదే నడిచి రాదని మాకు బాగా తెలుసు. దాన్ని ఫైలులో పెట్టించేది అర్జీ, ఆ ఫైలును కదిలించేది మళ్లీ మళ్లీ వచ్చే అర్జీ.

"ఉర్దూ కార్యక్రమాలకు ప్రేక్షకులు తక్కువ, రేటింగులు రావు" అనే సమాధానం ఒకటి తరచుగా వినిపిస్తుంది. ఈ వాదంలోని మెలిక గమనించండి. ఎవరూ ఇంట్లో లేని వేళకు కార్యక్రమం వేస్తే చూసేవారు తగ్గుతారు. చూసేవారు తగ్గారని నిడివి తగ్గిస్తారు. నిడివి తగ్గాక ఇక ప్రేక్షకులే లేరంటారు. దుకాణాన్ని అర్ధరాత్రి తెరిచి గిరాకీ లేదని మూసివేసినట్టు ఉంటుంది ఇది. వ్యాపార ఛానెల్‌కు రేటింగు ప్రాణం కావచ్చు. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థకు మాత్రం చట్టంలో రాసిన విధి ముఖ్యం.

సరిగ్గా ఇదే బాధను వేల మైళ్ల దూరాన ఒక చిన్న జాతి అనుభవించింది. బ్రిటన్‌లోని వేల్స్ ప్రజలకు వెల్ష్ అనే సొంత భాష ఉన్నది. మాట్లాడేవారు అక్కడి జనాభాలో అయిదో వంతు మాత్రమే. 1970లలో వెల్ష్ కార్యక్రమాలు ఇంగ్లీషు ఛానెళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా, చాలావరకు జనం చూడని వేళల్లో వచ్చేవి. వెల్ష్ వారికి అవి చాలేవి కావు, ఇంగ్లీషు వారికి అవి అడ్డుగా తోచేవి. ప్రత్యేక ఛానెల్ ఇస్తామన్న ప్రభుత్వం మాట తప్పినప్పుడు ఎందరో టీవీ లైసెన్సు రుసుము కట్టడం మానేశారు. 1980లో గ్విన్ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ నిరాహార దీక్షకు దిగుతానని ప్రకటించాడు. థాచర్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1982 నవంబరు 1న 'ఎస్ ఫోర్ సి' అనే ఛానెల్ మొదలైంది. తొలినాళ్లలో వారానికి సుమారు 22 గంటల వెల్ష్ కార్యక్రమాలను జనం ఇంట్లో ఉండే సాయంత్రపు వేళల్లో ప్రసారం చేశారు. మిగిలిన సమయాన్ని ఇంగ్లీషుకు ఇచ్చారు. కాబట్టి ఎవరి హక్కూ పోలేదు. అక్కడి వీక్షకులు వేళల గురించి, కార్యక్రమాల గురించి నేటికీ ఫిర్యాదులు చేస్తూనే ఉంటారు. వాటిని వినడానికి ఆ ఛానెల్ ప్రత్యేక ఫోను ఏర్పాటు చేసింది. మనం నేర్చుకోవలసింది ఈ రెండో సంగతినే. ఛానెల్ రావడంతో పని ముగియదు, వీక్షకుల మాట చేరే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి.

అంత దూరం పోనక్కరలేదు. మన సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గరి మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళా రైతులు నడిపే రేడియో అది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్న తీర్పునిచ్చిన జస్టిస్ పి.బి. సావంత్ గారే దాన్ని ప్రారంభించారు. పొలం పనులు ముగించి ఇల్లు చేరిన ఆడవారు వినగలిగేలా సాయంత్రపు వేళను ఎంచుకున్నారు. తమ మాటలో, తమ పంటల గురించి, తమ పాటలతో కార్యక్రమాలు చేసుకున్నారు. వినేవారి బతుకును బట్టి వేళను నిర్ణయించడం అంటే ఇదే. అక్షరం రాని తల్లులు చేసి చూపిన పని పెద్ద సంస్థలకు అసాధ్యం కాజాలదు.

"ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లున్నాయి, ఇక టీవీ ఎందుకు?" అని యువకులు అడుగుతున్నారు. ఫోను ఒక్కొక్కరిని ఒక్కొక్క మూలకు పంపుతుంది. నానమ్మను, మనవడిని ఒకచోట కూర్చోబెట్టదు. ఏ వీడియో నిజమో, ఏది పుకారో చెప్పే బాధ్యత దానికి లేదు. దాన్ని చట్టం ప్రకారం నిలదీయడమూ మనకు సులభం కాదు. ప్రజా ప్రసార సంస్థను మాత్రం నిలదీయవచ్చు.

అందుచేత మన కోరికలను స్పష్టంగా చెప్పుకుందాం. హైదరాబాద్ కేంద్రం నుంచి రోజూ సాయంత్రం 7 నుంచి 9 గంటల మధ్య కనీసం అరగంట ఉర్దూ కార్యక్రమం నిర్ణీత వేళకు రావాలి. వేళ మారితే ముందుగా తెలపాలి. రంజాన్‌లో తరావీహ్ నమాజు వేళను దృష్టిలో పెట్టుకోవాలి. దక్కనీ మాటకు చోటివ్వాలి. కార్మికులకు, విద్యార్థులకు, పిల్లలకు వేర్వేరు రోజులు కేటాయించాలి. తెర కింద తెలుగు అనువాదం వేయాలి. పక్కింటి తెలుగు సోదరులు మన మాట విని, మన నవ్వు, మన దుఃఖం చూస్తే అపోహలు సగం తగ్గుతాయి. తెలుగు మాతృభాషగా గల ముస్లిములకు కూడా ఆ అనువాదం ఉపకరిస్తుంది. కార్యక్రమాల సలహా సంఘాల్లో పారిశ్రామిక ప్రాంతపు మహిళలకు స్థానం కల్పించాలి.

ఇక మనం చేయవలసిన పని. ప్రతి బస్తీలో రెండు మూడు కుటుంబాలు ఒక నోటుబుక్కు పెట్టుకొని నెల రోజులపాటు ఉర్దూ కార్యక్రమం ఏ తేదీన, ఏ వేళకు వచ్చింది, ఎంతసేపు వచ్చింది, కొత్తదా పాతదా అని రాయండి. కోపంతో రాసిన పది పేజీలకన్నా తేదీలతో కూడిన ఒక్క పేజీకి బలం ఎక్కువ. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, గత ఏడాది ఉర్దూకు కేటాయించిన సమయం ఎంత, ఏ వేళల్లో, ఎంత ఖర్చుతో అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే అప్పీలు చేయండి. నెలవారీ చందా కట్టలేని కుటుంబాలకు డీడీ ఫ్రీ డిష్ గురించి చెప్పండి. ఒకసారి డిష్, బాక్సు కొనుక్కుంటే చాలు. ఏ ప్రైవేటు ఛానెల్‌లోనైనా మతాన్ని, సమాజాన్ని కించపరిచే కార్యక్రమం వస్తే, 2021లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం ముందు ఆ ఛానెల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 15 రోజుల్లో అది సమాధానం చెప్పాలి. తేదీ, సమయం తప్పక రాయండి. మంచి కార్యక్రమం వచ్చినప్పుడు అభినందన లేఖ కూడా రాయండి. మన మేలు కోరే ఉద్యోగి లోపల ఒకరున్నా, ఆ ఉత్తరం ఆయన చేతికి ఆయుధమవుతుంది.

మనం ఎవరి వేళనూ లాక్కోవడం లేదు. తెలుగుకు తక్కువ చేయమని అడగడం లేదు. తెలుగు మన ఊరి భాష, మన బడి భాష, ఈ ప్రసంగం చేస్తున్న భాష. అలసిపోయి ఇల్లు చేరిన తండ్రి, వంట ముగించిన తల్లి, పుస్తకాలు మూసిన బిడ్డ కలిసి కూర్చున్న గంటలో అరగంట మన ఇంటి మాటకు ఇమ్మని అడుగుతున్నాం. రాబోయే సమావేశానికి ప్రతి బస్తీ నుంచి ఒక నోటుబుక్కు రావాలని, వాటన్నింటినీ కలిపి ఒకే అర్జీగా సమర్పించాలని విన్నవించుకుంటూ సెలవు తీసుకుంటున్నాం. అల్లాహ్ మన ప్రయత్నానికి సాఫల్యం ప్రసాదించుగాక.