మాట మూసేచోట కారణం రాయాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, పేదింటి పెళ్ళిళ్ళు, ఖబరస్తాన్ ప్రహరీ గోడ, ఈ సంగతులే మాట్లాడుకుంటుంటాము. ఈసారి మాకు అప్పగించిన విషయం ప్రభుత్వము సోషల్ మీడియాను మూయించడము, మాట్లాడే హక్కు. సంక్షేమ సంఘానికి ఈ గొడవ దేనికని కొందరికి అనిపించవచ్చు. ఒక్క మాట ఆలోచించండి. స్కాలర్‌షిప్పు ఆఖరు తేదీ మనకు ఎక్కడ తెలుస్తున్నది? జనాజా ఎన్ని గంటలకో ఎక్కడ చదువుతున్నాము? ఆస్పత్రిలో ఉన్నవారికి రక్తం కావాలని ఎక్కడ అడుగుతున్నాము? అన్నీ వాట్సాప్ గ్రూపులోనే గదా. ఈనాడు చేతిలోని ఫోనే మనకు తపాలా, పత్రిక, చావడి. దాని తలుపు ఎవరు మూస్తారు, ఏ కారణంతో మూస్తారు అన్నది మన ఇంటి సంగతే.

ఈ మూయించడము కొత్తదేమీ కాదు. మన గడ్డ మీద దీనికి పాత చరిత్ర ఉన్నది. నిజాం కాలంలో, 1929లో, గస్తీ నిశాన్ 53 అనే ఉత్తర్వు వచ్చింది. సర్కారు అనుమతి లేనిదే సభ పెట్టరాదని దాని సారాంశము. ఆ కాలంలోనే మన మొయినాబాదు మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారు ఆంధ్ర మహాసభలో పనిచేశారు. 1936లో షాద్‌నగర్ మహాసభకు అధ్యక్షత వహించారు. ఈ రోజు మన జిల్లాకు ఉన్న పేరు ఆయనదే. సభ పెట్టుకోవడానికే అనుమతి వేడుకోవలసిన రోజుల్లో నోరు విప్పినవారి పేరు అది.

ఇంకొక పేరు మన పిల్లలకు తప్పక చెప్పాలి. షోయబుల్లా ఖాన్. మందుముల నరసింగరావు గారి ఉర్దూ పత్రిక 'రయ్యత్'లో పనిచేశారు. ఆ పత్రికను నిజాం ప్రభుత్వం మూయించింది. ఆయన ఊరుకోలేదు. 1947 నవంబరులో 'ఇమ్రోజ్' అనే సొంత పత్రిక పెట్టారు. హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలవాలని, రజాకార్ల దౌర్జన్యము ఆగాలని రాశారు. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో ఆయనపై దాడి చేసి, రాసే చేతిని నరికి చంపేశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. గద్దె మీద ఉన్నది ముస్లిం రాజు, పోయిన ప్రాణమూ ముస్లిందే. పాలకుడు మనవాడా పరాయివాడా అన్నదాన్ని బట్టి మాటకు రక్షణ రాదని ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. చట్టం ఉంటే వస్తుంది. ఆ చట్టం అందరికీ ఒక్కటైతేనే వస్తుంది.

తరువాత మనకు రాజ్యాంగము వచ్చింది. 19వ అధికరణ మాట్లాడే హక్కు ఇచ్చింది. దేశ భద్రత, ప్రజాశాంతి, పరువు, నేరానికి పురికొల్పడము వంటి కారణాలు చూపి దానికి న్యాయమైన హద్దులు పెట్టవచ్చునని కూడా అదే చెప్పింది. హక్కూ ఉన్నది, హద్దూ ఉన్నది. తగాదా అంతా ఆ హద్దు ఎవరు గీస్తారు, ఎట్లా గీస్తారు అన్న దగ్గరే.

ఐ.టీ. చట్టములో 66ఏ అని ఒక సెక్షను ఉండేది. ఎదుటివారికి చికాకు కలిగించే సందేశము పంపినా నేరమే అన్నట్లు రాశారు. 2012 నవంబరులో మహారాష్ట్ర పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయి ముంబయి బందును గురించి ఫేసుబుక్కులో నాలుగు మాటలు రాసింది. ఆమెను అరెస్టు చేశారు. ఆ మాటలను 'లైకు' చేసిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు! మన వైపు చూస్తే, 2013 మేలో పౌరహక్కుల నాయకురాలు, న్యాయవాది జయా వింధ్యాల గారిని చీరాల శాసనసభ్యుని మీద రాసినందుకు ఇదే సెక్షను కింద జైలుకు పంపారు. అదే నెలలో సుప్రీంకోర్టు, పై అధికారి అనుమతి లేనిదే ఈ సెక్షను కింద అరెస్టులు కూడవని చెప్పింది. చివరకు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షనునే కొట్టివేసింది. చర్చించడము వేరు, ఒక అభిప్రాయాన్ని గట్టిగా సమర్థించడము వేరు, జనాన్ని నేరానికి రెచ్చగొట్టడము వేరు, ఈ మూడవదాని దగ్గరే చట్టము చెయ్యి వెయ్యవచ్చునని ఆ తీర్పు విడమర్చింది.

అయితే అదే తీర్పు 69ఏ అనే ఇంకొక సెక్షనును నిలబెట్టింది. ఈనాడు వెబ్‌సైట్లు, ఖాతాలు, వీడియోలు మూయిస్తున్నది ముఖ్యంగా దీని కిందనే. కోర్టు దాన్ని ఎందుకు నిలబెట్టింది? ఉత్తర్వులో కారణము రాతపూర్వకముగా ఉండాలి, అధికారుల కమిటీ పరిశీలించాలి, రాసినవారు దొరికితే వారికి నోటీసు ఇచ్చి వినాలి, ఈ జాగ్రత్తలు ఉన్నాయి గనుక. 2009 నాటి నియమాలలోనే మరొకటి కూడా ఉన్నది. ఆ ఫిర్యాదులు, ఉత్తర్వులు రహస్యముగా ఉంచాలట! కారణము రాయాలి గాని చూపనక్కరలేదు అంటే, తాళం వేసి చెవి బావిలో పారేసినట్లే గదా. దేన్ని పట్టుకొని అపీలు చేసుకోవాలి?

2025 మే నెలలో పాకిస్తానుతో పోరు నడుస్తున్న రోజుల్లో, మన దేశంలో 8,000కు పైగా ఖాతాలు మూయాలని తమకు ఉత్తర్వులు వచ్చాయని ఎక్స్ కంపెనీ ప్రకటించింది. చాలావాటిలో ఏ మాట తప్పో చెప్పలేదని కూడా అన్నది. యుద్ధ సమయంలో సైనికుల కదలికలు, అబద్ధపు వార్తలు ఆపవలసిందే. దానికి మేమేమీ అడ్డు చెప్పము. కాని ఏ మాట తప్పో చెప్పకుండా మనిషి గొంతునే మొత్తంగా ఆపితే, తప్పు లేనివాడు తన సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు రెండవ వైపు. ఫోనులో పుట్టిన అబద్ధము ఎంత నొప్పి పెడుతుందో మన జమాతుకు వేరే చెప్పాలా? 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకారుతో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక నిరుపేద ట్రాన్స్‌జెండర్ స్త్రీని గుంపు కొట్టి చంపింది. 2020లో కరోనా వచ్చినప్పుడు తబ్లీగీ జమాతు పేరు చెప్పి మన కూరగాయల బండ్లవాళ్ళను కూడా అనుమానంగా చూసేటట్లు చేశారు. ఆ ఏడు ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి, విదేశీ జమాతువారి మీది కేసులు కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారన్నది. 2022 ఆగస్టులో గోషామహల్ శాసనసభ్యుడు పెట్టిన వీడియోతో మన మనసులు ఎంత గాయపడ్డాయో మీకు తెలుసు. ఆ వీడియోను తీసివేశారు. ఆయన మీద పీ.డీ. చట్టము ప్రయోగించారు. నవంబరులో హైకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టివేసింది.

ఆ తీర్పు విని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ సహజమే. వీడియో తీసేయమని అడగడము న్యాయమే, కేసు పెట్టమనడమూ న్యాయమే. అయితే విచారణ లేకుండా మనిషిని లోపల ఉంచే చట్టము మన పిల్లవాడి మీదికి వస్తే మనము పరుగెత్తేది ఆ హైకోర్టుకే. ఎదుటివాడికి తెరిచిన తలుపు మూసేయమని అడిగితే, రేపు మనకూ అది మూసే ఉంటుంది. మేము ఈ సభకు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. మనకు నచ్చని మాటను కొలిచే గజంతోనే మనకు నచ్చిన మాటనూ కొలవాలి.

కోర్టులు ఈ గజాన్ని అప్పుడప్పుడు గుర్తు చేస్తూనే ఉన్నాయి. ఉర్దూ కవి, పార్లమెంటు సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక కవిత వినిపించిన వీడియో పెట్టినందుకు గుజరాతులో కేసు పెడితే, 2025 మార్చి 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడు సెప్టెంబరులో మన తెలంగాణ హైకోర్టు, సోషల్ మీడియాలో రాజకీయ విమర్శ ఎంత కటువుగా ఉన్నా యాంత్రికముగా కేసులు, అరెస్టులు చేయరాదని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాశ్మీరులో ఇంటర్నెట్టు ఆపిన కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, గడువు లేకుండా ఆపడము చెల్లదని, ఉత్తర్వులను ప్రకటించాలని చెప్పింది. పొరుగున నేపాలు చూడండి. 2025 సెప్టెంబరు 4న 26 వేదికలను ఒక్కసారిగా మూశారు. 8వ తేదీన యువకులు వీధుల్లోకి వస్తే కాల్పుల్లో 19 మంది ప్రాణాలు పోయాయి. మరునాడు ప్రధానమంత్రి దిగిపోయారు. అవినీతి మీది కోపము లోపల ముందునుంచీ ఉన్నదే. మూత పెట్టేసరికి కుండ పగిలింది.

మన ఊళ్ళకు వద్దాము. జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలను పట్టుకుంది. మన మొయినాబాదు, చేవెళ్ళ వైపు ఊళ్ళూ అందులోవే. జీవో పోతే భూమికి ధర వస్తుందని రైతు అంటాడు. పోతే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ ఏమవుతాయని ఇంకొకరంటారు. బీజాపూరు రోడ్డు మీది మర్రిచెట్లు ఉండాలని కొందరు, ప్రమాదాలు జరుగుతున్నాయి రోడ్డు వెడల్పు కావాలని కొందరు. ఈ వాదనలన్నీ ఇప్పుడు ఫోనులోనే సాగుతున్నాయి. ఇందులో ఒక పక్క నోరు మూయిస్తే రెండవ పక్క గెలిచినట్లు కనిపిస్తుంది గాని, నిజం ఎవరికీ తెలియదు.

కాబట్టి మేము మూడు కోరుతున్నాము. మూయించే ప్రతి ఉత్తర్వులో కారణము రాసి, రాసినవారికి చూపాలి. తప్పున్న మాట వరకే తీయాలి, మొత్తం ఖాతాను, మొత్తం ఊరి ఇంటర్నెట్టును మూయరాదు. దాని మీద అపీలుకు గడువున్న దారి ఉండాలి.

ప్రభుత్వాన్ని అడిగితే సరిపోదు, మన వంతూ ఉన్నది. 2018లో గద్వాల వైపు పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు పిల్లల దొంగల పుకారును ఎట్లా అణచారు? ఫోన్లు గుంజుకోలేదు. ఊరూరికి పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, అది అబద్ధమని విడమర్చి చెప్పించారు. అబద్ధానికి అంతకంటె గట్టిగా నిజం చెప్పించారు. మనమూ ఇంట్లో అదే చేయాలి. విన్న వార్తను విచారించక ముందు పంపరాదు. ఇతర మతస్థులను కించపరిచే వీడియో మన గ్రూపులో వస్తే, వేసినవాడు మనవాడే అయినా అక్కడికక్కడే తీయించాలి. మన గ్రూపు పెద్దలు ఎవరినైనా తొలగిస్తే, ఎందుకు తొలగించారో వారికి చెప్పాలి. ఢిల్లీని కారణం అడిగేవాళ్ళము, చేవెళ్ళలో కారణం చెప్పకుండా ఎట్లా ఉంటాము?

 మేము చెప్పినదానితో ఏకీభవించనివారు ఉంటే లేచి మాట్లాడండి, సభలో ఇంకా సమయం ఉన్నది. ఖుదా హాఫిజ్. జై హింద్.