మర్టిల్స్ భవనపు దయ్యములు



మన ఊళ్ళలో దయ్యమున్నదన్న ఇంటికి అద్దెకు వచ్చువారుండరు. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున, సెయింట్ ఫ్రాన్సిస్‌విల్ పట్టణమున, దయ్యమున్నదను కారణముననే జనులు రొక్కమిచ్చి బసచేయుదురు; భోజనము కూడ చేయుదురు. ఆ భవనము పేరు మర్టిల్స్. 1794 నాటి విస్కీ పన్ను తిరుగుబాటులో పాల్గొని పారివచ్చిన డేవిడ్ బ్రాడ్‌ఫర్డ్ అను న్యాయవాది దానిని 1796లో కట్టించెను. బానిసల చెమటతో సాగిన ఆ సేద్యపు తోట ఇల్లు నేడు విడిదియు భోజనశాలయు నైనది.

అచటి కథానాయిక క్లోయీ అను బానిస స్త్రీ. తలుపు చాటున యజమాని మాటలు వినుచు పట్టుబడగా ఆమె చెవి కోయించిరట. ఆ కొఱత కప్పుటకు ఆకుపచ్చని తలపాగా చుట్టెడిదట. పుట్టినరోజు కేకులో గన్నేరాకుల రసము కలుపగా, యజమాని క్లార్క్ వుడ్రఫ్ భార్య సారాయు, ఇరువురు కుమార్తెలును మరణించిరట. పిమ్మట తోడి బానిసలే ఆమెను ఉరితీసి నదిలో పారవైచిరట. గన్నేరు విషమని మన పెరటి పిల్లలకును తెలియును గనుక, కథ ఇట్టే నమ్మకము కలిగించును.

కాని కాగితములు వేరు మాట చెప్పుచున్నవి. సారా 1823లో ఎల్లో ఫీవర్ వలన మరణించెను. మరుసటి ఏడు ఒక కుమారుడు, ఒక కుమార్తె పోయిరి. రెండవ కుమార్తె ఆక్టేవియా పెరిగి పెద్దదై వివాహమాడెను! ఆ జ్వరమును దోమ వ్యాపింపజేయునని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లో చెప్పెను. 1900లో వాల్టర్ రీడ్ బృందము నిరూపించెను. దోమ చేసిన పనికి బానిసపై హత్యానేరము మోపిరన్నమాట.

ఆ ఇంట పది హత్యలు జరిగినవని చెప్పుకొందురు. ఆధారమున్నది ఒక్కటే: 1871లో విలియం వింటర్ వసారాలో తుపాకిగుండుకు కూలెను. అతడు పదునేడవ మెట్టు వఱకు ప్రాకినాడనుట పిదప చేర్చిన అలంకారము.

దయ్యపు కథలన్న నాకును ప్రీతియే. అయినను ఈ ఒక్కదానిని నేను నవ్వుచు వినలేను. చెవి కోయించినవాని పాపము కథలో ఒక వాక్యముతో ముగిసిపోవును. చెవి పోయినది మాత్రము హంతకురాలై రాత్రులెల్ల తిరుగుచుండవలెను. వుడ్రఫ్ ఇంట క్లోయీ అను బానిస ఉండెనని తెలుపు పత్రము పరిశోధకులకు ఇంతవఱకు దొరకలేదు.