వ్రతానికి ఉపవాసం, పరీక్షకు ఉపవాసం

(దేవస్థానం ఉచిత వైద్య శిబిరానికి ముందునాటి సాయంకాలం చేసిన ప్రసంగ పాఠం)



రేపు ఉదయం ఈ మండపంలోనే షుగరు పరీక్షలు జరుగనున్నవి. వైద్యుడు చెప్పవలసిన సంగతులు వ్యాకరణం చదువుకొన్న నాబోటివాడు చెప్పడమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. వైద్యులు తాము చెప్పవలసినది చీటీపై అచ్చువేసి ఇచ్చియే ఉన్నారు. అయితే ఆ చీటీలో "ఫాస్టింగ్‌తో రావలెను" అని ఒక మాట ఉన్నది. దానిని మనవారందరు "ఉపవాసం" అని అర్థం చెప్పుకొనుచున్నారు. చిక్కంతా ఆ అర్థంలోనే ఉన్నది. శబ్దార్థ విచారం వచ్చినప్పుడు నోరు విప్పే అధికారం నాకు కొంత ఉన్నదని భావించి నిలుచున్నాను.

వ్రతోపవాసంలో వ్రతభంగం కలిగించనివి ఎనిమిదని ధర్మశాస్త్రం చెప్పుచున్నది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం. అందుచేతనే మన ఇండ్లలో పెద్దవారు ఏకాదశినాడు పాలు పుచ్చుకొని, రెండు అరటిపండ్లు తిని, "నేడు ఉపవాసం" అని నిస్సంకోచంగా చెప్పుదురు. శాస్త్రరీత్యా అది సత్యమే. ల్యాబు వారి ఉపవాసం అట్టిది కాదు. ఆ ఎనిమిదింటిలో వారు అనుమతించునది నీరు ఒక్కటే, వైద్యుడు వేసుకొమ్మన్న పక్షంలో ఔషధం. కనీసం 8 గంటలు మరేదియు లోనికి పోరాదు. పాలు, పండ్లు, కొబ్బరినీళ్లు, మజ్జిగ, చక్కెర లేని కాఫీ, అన్నియు నిషిద్ధములే. దీనికి ఉపవాసమను పేరు పెట్టుటకంటె వైద్యశాస్త్రంలోని "లంఘనం" అను మాట తగినది. అట్లని రాత్రి ఏడు గంటలకే విస్తరి ఎత్తివేసి మరునాడు పదకొండు వరకు పస్తుండుట కూడ పనికిరాదు. 14 గంటలు దాటనీయవద్దు. మంచినీళ్లు మాత్రం ధారాళంగా త్రాగండి. నిర్జలంగా వచ్చినవారికి నరం దొరకక నర్సులు అవస్థపడుట నేను చూచినాను.

రేపటి శిబిరం దేవాలయంలో కనుక ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ప్రాతఃకాల అభిషేకం కాగానే అర్చకస్వామి ఉద్ధరిణెతో పంచామృతం ఇచ్చును. అందులో పాలు, పెరుగు, నేయి, తేనె, చక్కెర ఉన్నవి. ఉద్ధరిణెడే కదా అనవద్దు. తులసి తీర్థమైతే నీరే, అభ్యంతరం లేదు. చక్కెరపొంగలి గాని, లడ్డూ గాని చేతికి వచ్చినప్పుడు కాదనవలసిన పనిలేదు. కన్నులకద్దుకొని, ఆకులో చుట్టి భద్రపరచుకొని, రక్తమిచ్చిన పిమ్మట స్వీకరించండి. మరి ఆ చేతితోనే వ్రేలిపోటు పరీక్షకు కూర్చుండవద్దు. వ్రేలికి అంటిన తేనె, పండురసం రక్తపుబొట్టులో కలిసి యంత్రంలో అంకె అమాంతంగా పెరుగును. సబ్బుతో చేతులు కడిగి, పొడిగా తుడుచుకొని కూర్చుండవలెను. చిన్న యంత్రం సందేహాన్ని చూపుటకే గాని వ్యాధిని నిర్ణయించుటకు కాదని వైద్యుల మాట. నిర్ణయానికి నరం నుండి తీసిన రక్తం ల్యాబుకు పోవలెను, అదియు త్వరగా పోవలెను. సీసాలో నిలువయున్న రక్తంలోని కణాలు గంటకు నూటికి 5 నుండి 7 వంతుల చక్కెరను తామే తినివేయును.

ఇక గ్లూకోజు త్రాగించి చేయు పరీక్ష. పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి ఐదు నిమిషాలలో త్రాగించి, రెండు గంటలకు మరల తీయుదురు. దీనికి ముందు మూడు దినములు మామూలుగా భోజనం చేసి ఉండవలెను. రోజుకు 150 గ్రాములకు తగ్గకుండ పిండిపదార్థం లోనికి పోవలెనని నియమం. అన్నం తినువారు కొలుచుకొన నక్కరలేదు. కాని అన్నం మాని పాలు, పండ్లతో గడిపినవారి శరీరం ఒక్కసారిగా వచ్చిపడిన చక్కెరను సర్దుకొనలేదు. ఉన్నదానికంటె ఎక్కువ చూపును. గడచిన కార్తికంలో నాకు ఈ పరీక్ష వ్రాసినప్పుడు ల్యాబు వారిచ్చిన తేదీ ద్వాదశి అయినది. ముందునాడు ఏకాదశి, ద్వాదశి ఉదయం పారణ సకాలంలో కావలెను, వీరేమో రెండు గంటలు ఏమియు తినరాదందురు. లౌకికంగాను, వైదికంగాను కుదరని ముహూర్తం. వారం తరువాతికి మార్పించుకొన్నాను. ఫోనులో ఒక్క మాటతో అయిన పని అది.

ఆ రెండు గంటలు కదలక కూర్చుండవలెను. మెట్లదారిన కొండెక్కి వచ్చి పరీక్షకు కూర్చుండవద్దు. పొగాకు పనికిరాదు, నా తోటి పండితులు నస్యం డబ్బీ కూడ ఇంటనే వదలి రావలెనని ప్రార్థన.

ఇప్పుడు చెప్పబోవునది నాకు బాధ కలిగించు విషయం. నాతో పాఠశాలలో చదివిన ఒక వేదపండితుడున్నాడు. పేరు అనవసరం. షుగరు సూచన కనబడుచున్నదని వైద్యుడు అనుమానించి పరీక్ష వ్రాసినాడు. ఇతడు నాలుగు రోజులు ముందుగా అన్నం, తీపి మాని, కాకరరసం, మెంతినీళ్లు త్రాగి, ప్రొద్దున సాయంత్రం నడిచి పోయినాడు. పరగడుపు అంకె 97 వచ్చినది. పరీక్ష గట్టెక్కినదని మిఠాయి పంచినాడు. పిమ్మట రెండేండ్లు ల్యాబు ముఖం చూడలేదు. పాదచారియై గిరిప్రదక్షిణ చేసినప్పుడు కాలికి అయిన పుండు మానక, చివరకు రెండు వ్రేళ్లు తీసివేసినారు. నేడు స్వామి ఎదుట సాష్టాంగపడవలెనన్న ఒకరు పట్టుకొనవలెను. ఆ నాలుగు రోజుల నిష్ఠ నాలుగు నెలలు చేసియున్న బాగుండెడిది. వైద్యుడు చూడవలసినది మీ నిత్యజీవితాన్ని గాని, పరీక్షకని వేసుకొన్న వేషాన్ని కాదు.

ఇట్టి వేషానికి చిక్కని పరీక్ష హెచ్‌బీఏ1సీ. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 దినములు. అది తిరిగినంతకాలం దానికి అంటిన చక్కెర లెక్కయే ఈ పరీక్ష. కనుక రెండు మూడు నెలల సరాసరి తెలియును. దీనికి పస్తుండ నక్కరలేదు. కాని రక్తహీనత ఉన్నవారు, ఇటీవల రక్తం ఎక్కించుకొన్నవారు, మూత్రపిండాల జబ్బున్నవారు ముందే చెప్పవలెను. వారి విషయంలో ఈ లెక్క తప్పవచ్చును.

అంకెలు చెప్పెదను. వ్రాసుకొనువారు వ్రాసుకొనవచ్చును. సాధారణంగా వైద్యులు పాటించు లెక్కలో పరగడుపున 100కు లోపు సమం. 100 నుండి 125 వరకు ప్రీడయాబెటిస్. 126, ఆపైన మధుమేహం. గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు 140కి లోపు సమం, 199 వరకు ప్రీడయాబెటిస్, 200 నుండి మధుమేహం. హెచ్‌బీఏ1సీ 5.7 నుండి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5 నుండి మధుమేహం. లక్షణాలు లేనివారికి ఒక్క రిపోర్టుతో ముద్ర వేయరు, రెండవ పరీక్షతో స్థిరపరచుకొందురు. కనుక కాగితం చేతికి రాగానే కన్నీరు పెట్టుకొనవద్దు.

ప్రీడయాబెటిస్ అనునది మనకు కొత్త ఆలోచన కాదు. చరకుడు ప్రమేహాలు 20 అని లెక్కించి, వాటికి ముందు కనబడు పూర్వరూపాలను వేరుగా చెప్పినాడు. నోట తీపి, దప్పిక, అరికాళ్ల మంట, మూత్రానికి చీమలు పట్టుట, ఇవి వాటిలోనివి. కారణాలలో మొదట చెప్పినది కూర్చున్న సుఖం. ఇది పౌరాణికులకు, పండితులకు, అంగడి గద్దెలపై కూర్చుండు దాతలకు సమానంగా వర్తించును! ఐ.సి.ఎం.ఆర్. వారి ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడినది. దాని ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు, ఈ పూర్వస్థితిలో ఉన్నవారు 13.6 కోట్లు. నేటి పూర్వరూపాన్ని చీమలు చెప్పవు, రక్తమే చెప్పవలెను.

మోకాళ్ల నొప్పికో, ఆయాసానికో స్టిరాయిడు మాత్రలు వాడువారు, జ్వరం నుండి లేచినవారు, పేరు తెలియని చూర్ణాలు తినువారు దాచక చెప్పండి. ఏ మందునూ మీకు మీరే మానవద్దు. ఇదివరకే షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకొనువారు ఖాళీ కడుపుతో వాటిని తీసుకొని రావద్దు. ఎప్పుడు తీసుకొనవలెనో మీ వైద్యుని ఈ రాత్రియే అడుగండి. గర్భిణీలకు చేయు పరీక్ష వేరు, వారు పస్తుండి రానక్కరలేదు.

రేపు ఆరున్నరకు వరుస మొదలగును. వృద్ధులను ముందు పంపండి. రక్తమిచ్చినవారికి అన్నదాన సత్రంలో ఉప్మా ఏర్పాటు చేసినారు. రాత్రి భోజనం తొమ్మిదిలోపు ముగించవలెను. ఇప్పుడు ఏడున్నర అయినది, సత్రంలో విస్తళ్లు వేయుచున్నారు. కనుక ఇంతటితో విరమించెదను.