వేగం మార్చి నడుద్దాం

ఈ వారం మీతో నడక గురించి నాలుగు మాటలు పంచుకుందామని వచ్చాను. "నడక గురించి చెప్పేదేముందండీ, కాలు తీసి కాలు వెయ్యడమేగా!" అంటారేమో. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మా నాన్నగారు యాభై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయారు. నాకు యాభై నిండినప్పటినుంచీ ఆ లెక్క మనసులో మెదులుతూనే ఉంది. ఇక్కడ ఇర్వింగ్‌లో, ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ వెంట ఉన్న కాంపియన్ ట్రెయిల్ మీద రోజూ సాయంత్రం ముప్పావు గంట నడిచేవాణ్ణి. ఒకటే వేగం, మా ఆవిడతో కబుర్లు. అలా రెండేళ్ళు నడిచాను. చెయ్యవలసింది చేస్తున్నానన్న ధీమా.

ఆ ధీమాతోనే ఇండియా వెళ్ళినప్పుడు అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కబోయాను. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం చేరేలోపే ఆయాసంతో కూలబడ్డాను. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న పెద్దావిడ ఒకామె నన్ను దాటిపోతూ, "మెల్లగా రా నాయనా" అంది!

తిరిగొచ్చాక కారణం వెతికితే, జవాబు మన పక్కన డాలస్‌లోనే దొరికింది. 1966లో అక్కడ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళనే మళ్ళీ చూస్తే, గడిచిన ముప్పై ఏళ్ళ వయసుకన్నా ఆ మూడు వారాల పడకే వాళ్ళ దమ్ముని ఎక్కువ తగ్గించిందని తేలింది. 2018లో డాక్టర్ బెంజమిన్ లెవిన్ బృందం, అదీ డాలస్‌లోనే, మరో అధ్యయనం ప్రచురించింది. వ్యాయామం అలవాటు లేని 45 నుంచి 64 ఏళ్ళ వాళ్ళ చేత రెండేళ్ళపాటు వారానికి నాలుగైదు రోజులు వ్యాయామం చేయించారు. వాళ్ళ దమ్ము 18 శాతం పెరిగింది, గుండె కండరం బిరుసుతనం సుమారు 25 శాతం తగ్గింది. యోగా, తేలిక బరువులు మాత్రమే చేసిన రెండో జట్టులో ఆ మార్పు రాలేదు.

కిటుకు ఎక్కడుందంటే, వాళ్ళు అన్ని రోజులూ ఒకే వేగంతో చెయ్యలేదు. కొన్ని రోజులు మాట్లాడగలిగేటంత వేగం, ఒకరోజు ఎక్కువసేపు, ఒకటి రెండు రోజులు మాత్రం నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా నాలుగుసార్లు.

మన శరీరం మహా పొదుపరి. రోజూ అడిగే పనికి సరిపడా మాత్రమే సమకూర్చుకుని ఊరుకుంటుంది. అప్పుడప్పుడు ఎక్కువ అడిగితేనే గుండె ఎక్కువ రక్తం నింపుకుని తొయ్యడం నేర్చుకుంటుంది. నడుమ నెమ్మదించడం ఎందుకంటే, మళ్ళీ అడగడానికి.

ఇది కొత్త సంగతేమీ కాదు. స్వీడన్‌లో గోస్టా హోల్మర్ అనే శిక్షకుడు 1930లలోనే దీన్ని పరుగువాళ్ళకి నేర్పాడు. పేరు ఫార్ట్‌లెక్, అంటే వేగంతో ఆట. గడియారం అక్కర్లేదు, ఆ చెట్టుదాకా వేగంగా, ఆ బెంచీదాకా నిదానంగా. జపాన్‌లో సగటున అరవై దాటిన వాళ్ళ చేత మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు మెల్లగా నడిపిస్తే, ఒకే వేగంతో నడిచినవాళ్ళకన్నా రక్తపోటు, కాళ్ళ బలం బాగా మెరుగుపడ్డాయని 2007లో తేల్చారు.

మీరు మొదలుపెట్టేముందు ఒకమాట. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. ముందు పది నిమిషాలు మామూలుగా నడిచి ఒళ్ళు వేడెక్కనివ్వండి. వేగం వారానికి ఒకటి రెండు రోజులు చాలు. మన టెక్సాస్ ఎండాకాలంలో తెల్లవారుజామునే వెళ్ళండి. గుండెల్లో నొప్పి, తల తిరగడం ఉంటే వెంటనే ఆపెయ్యండి, సహాయం పిలవండి.

పోయిన సంక్రాంతికి మళ్ళీ అలిపిరి వెళ్ళాను. నాలుగుచోట్ల ఆగాను గానీ కూలబడలేదు. మా నాన్నగారి వయసుకి నేనింకా రెండేళ్ళ దూరంలో ఉన్నాను. ఆ దూరం కాస్త వేగం మారుస్తూ నడవాలని నా ఆశ.